ఎత్తుకు అనుమతి పత్రం కలిపి ఇస్తామంటే ఆ డ్రోన్ కొనకండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో సరదా కోసం డ్రోన్ కొనుక్కోవాలని డబ్బు కూడబెట్టుకుంటున్న మిత్రులకు ఈ హెచ్చరిక. "500 మీటర్ల ఎత్తు వరకు ఎగరేసుకోవచ్చు, విమానయాన శాఖ అనుమతి పత్రం కూడా మేమే ఇస్తాము" అని అమ్మేవారు చెబితే, అక్కడితో బేరం ఆపి వెనుదిరగండి. నేను ఆ మాట నమ్మి డ్రోన్‌కు 62,000 రూపాయలు, ఆ కాగితానికి విడిగా 15,000 రూపాయలు చెల్లించాను.

పానగల్లు దగ్గర ఉదయ సముద్రం మీద తెల్లవారే దృశ్యాన్ని పైనుంచి తీయాలన్నది నా చిరకాల కోరిక. హైదరాబాదులో ఒక దుకాణదారుడు విదేశీ డ్రోన్ ఒకటి చూపించి, దాని బరువు 249 గ్రాములే కనుక నానో తరగతిలోకి, అంటే 250 గ్రాములు దాటని అతి చిన్న డ్రోన్ల కోవలోకి వస్తుందని, నియమాలేవీ వర్తించవని చెప్పాడు. ఎక్కువ సేపు ఎగరడానికి పెద్ద బ్యాటరీ అమర్చాడు, యంత్రంలో ఉండే ఎత్తు పరిమితిని కూడా తానే తొలగించి ఇచ్చాడు. ఇంటికి వచ్చాక అనుమానం కలిగి మా వీధి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టి చూస్తే 290 గ్రాములు తూగింది. నియమాలు లెక్కలోకి తీసుకునేది బ్యాటరీతో సహా ఎగిరేటప్పటి మొత్తం బరువును. 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు ఉన్నది మైక్రో తరగతి. దానికి విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే అందరూ యూఐఎన్ అని పిలిచేది, తప్పనిసరి. ఇతరులకు నష్టం కలిగితే చెల్లించే థర్డ్ పార్టీ బీమా కూడా ఉండాలి. నానో అయినంత మాత్రాన ఎంత ఎత్తుకైనా ఎగరవచ్చన్నది కూడా అబద్ధమే. ఎత్తు పరిమితి అన్ని తరగతులకూ ఉంది.

నేను ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, మా మేనల్లుడిని వెంటబెట్టుకుని చెరువు కట్ట మీదికి వెళ్లాను. డ్రోన్‌ను పెట్టెలోంచి తీస్తుండగానే అటుగా వచ్చిన ఎస్సై గారు ఆగి పత్రాలు అడిగారు. నేను ధీమాగా ఆ కాగితం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, ఇది ఏ డ్రోన్‌కు ఇచ్చినది, ఏ చోటికి, ఏ రోజు ఏ వేళకు అని మూడు ప్రశ్నలు అడిగారు. ఆ కాగితంలో యంత్రం సంఖ్య లేదు, తేదీ లేదు. "తెలంగాణ అంతటా ఒక సంవత్సరం" అన్న వాక్యం, కింద ఒక గుండ్రటి ముద్ర మాత్రమే ఉన్నాయి. ఆయన కోప్పడకుండా డ్రోన్ పెట్టెలో పెట్టించి ఇంటికి పంపారు. ఇంటి గుమ్మం ఎక్కేదాకా మేనల్లుడి ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ తరువాత కూర్చుని 2021 డ్రోన్ నియమాలు చదివాను. అవి ఆకాశాన్ని మూడు జోన్లుగా విడదీశాయి: ముందస్తు అనుమతి అక్కరలేనిది గ్రీన్, అనుమతితోనే ఎగరవలసినది ఎల్లో, అన్నిటికంటే కఠినమైనది రెడ్. గ్రీన్ జోన్‌లో 120 మీటర్లు, అంటే 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 మొదలు 12 కిలోమీటర్ల మధ్యనైతే ఆ పరిమితి 60 మీటర్లకు తగ్గుతుంది. 5 మొదలు 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే ఎల్లో జోన్ మొదలవుతుంది కనుక, శంషాబాద్ వైపు వెళ్లి ఎగరేసే మహబూబ్‌నగర్ మిత్రులు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. గ్రీన్ జోన్‌లో 120 మీటర్లు దాటగానే పైనున్న ఆకాశం కూడా ఎల్లో జోనే. అక్కడికి వెళ్లాలంటే సంబంధిత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్ జోన్‌కైతే కేంద్ర ప్రభుత్వమే అనుమతించాలి. ఏ చోటు ఏ జోనో డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్‌లోని పటంలో ఎవరైనా చూసుకోవచ్చు. మన మీదుగా హెలికాప్టర్లు, విమానాలు తిరుగుతుంటాయి. 500 మీటర్ల ఎత్తున పిడికెడంత డ్రోన్ కింద నిలబడిన మన కంటికే ఆనదు, ఇక వేగంగా వచ్చే పైలట్‌కు ఎలా కనబడుతుంది? అందుకే అంత ఎత్తుకు ఎగరడానికి దుకాణంలో దొరికే కాగితం చాలదు.

యూఐఎన్ అయినా తెచ్చుకుందామని ప్రయత్నిస్తే అసలు మోసం అప్పుడు బయటపడింది. దరఖాస్తు రుసుము 100 రూపాయలే, కానీ నా దగ్గరున్న బిల్లులో డ్రోన్ అన్న మాటే లేదు, "ఆటబొమ్మ" అని రాసి ఉంది. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రం నిషేధించింది. చట్టబద్ధంగా దేశంలోకి వచ్చిందని చూపే కాగితం ఒక్కటీ లేని యంత్రాన్ని నేను ఏమని నమోదు చేయించుకోవాలి? నమోదు లేకుండా ఎగరేస్తే 1 లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు, అది కట్టవలసింది అమ్మినవాడు కాదు, ఎగరేసినవాడు.

సరదాకు ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదని కూడా దుకాణదారుడు అన్నాడు. అతను చెప్పిన వాటిలో అదొక్కటి మాత్రం నిజం. మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్, అంటే డ్రోన్ నడిపేవారి అర్హతా పత్రం, అవసరం లేదు. అయితే పెళ్లిళ్లకు డబ్బు తీసుకుని తీస్తే అది వ్యాపారమే అవుతుంది, అప్పుడు సర్టిఫికెట్ కావాలి.

కొనేటప్పుడు బిల్లు మీద డ్రోన్ అనీ, మోడల్ పేరూ, యంత్రం సంఖ్యా స్పష్టంగా రాయించుకోండి. యూఐఎన్ తరువాత వస్తుందంటే, వచ్చాకే డబ్బు ఇస్తానని చెప్పండి. బ్యాటరీ అమర్చిన తరువాతే మీ కళ్ల ముందు తూకం వేయించండి. ఎత్తు పరిమితిని తీసేసిన యంత్రాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

దుకాణదారుడు ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి చెల్లింపు వివరాలు, ఆ కాగితం నకలు సిద్ధం చేసుకుంటున్నాను. కొన్న నాటి నుంచి రెండేళ్లలోపు అక్కడ దావా వేయవచ్చు. మీ దగ్గర ఇలాంటి పత్రం ఉంటే యంత్రం సంఖ్య, స్థలం, తేదీ, వేళ ఉన్నాయో లేదో ఈరోజే తీసి చూడండి. లేకపోతే బ్యాటరీ విడదీసి పక్కన పెట్టండి, కానీ ఆ కాగితాన్ని చింపవద్దు. ఫిర్యాదుకు అదే సాక్ష్యం.