పలెర్మో వెళ్తున్నారా? బస దగ్గర జాగ్రత్త, ఊరు మాత్రం వదలకండి

ఇటలీలో, సిసిలీ దీవికి రాజధాని పలెర్మో. అక్కడ మాకు గది ఇచ్చినాయన మీద కోపం ఇంకా తగ్గలేదు. రాత్రికి 70 యూరోల లెక్కన డబ్బంతా ఆన్‌లైన్‌లో ముందే కట్టేశాం. తీరా వెళ్ళాక, ఆలస్యంగా వచ్చారు కాబట్టి 40, గది శుభ్రం చేసినందుకు 25 ఇస్తేనే తాళం ఇస్తానన్నాడు. అదీ నగదే కావాలట. రసీదు అడిగితే వినపడనట్టు ఫోన్ చూసుకున్నాడు. నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచేయదు. మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది. "రోమ్‌లోనే ఉందామంటే విన్నారా?" అంది. ఇక ఆ రాత్రి మాటల్లేవు. ఇటలీలో ఇలాంటి గదులకి సిన్ (CIN) అనే ప్రభుత్వ కోడ్ ఉంటుంది, ప్రకటనలో చూపించి తీరాలి. అది కనపడని గది ఎంత చవకైనా బుక్ చేయకండి.

లా చదివినవాణ్ణి కాబట్టి మత్తరెల్లా అన్నదమ్ముల ఊరు చూడాలని ఎప్పట్నుంచో ఉంది. తమ్ముడు సెర్జియో ఇక్కడి విశ్వవిద్యాలయంలో పార్లమెంటరీ చట్టం చెప్పిన మాస్టారు. 2011లో రాజ్యాంగ న్యాయస్థానం జడ్జి అయ్యాడు, 2015లో ఇటలీ అధ్యక్షుడయ్యాడు, 2022లో మళ్ళీ ఎన్నికయ్యాడు. రోమ్‌లో ఆ కోర్టూ, అధ్యక్ష భవనమూ ఒకే కూడలిలో ఉన్నాయి. అన్న పియెర్సాంతి కూడా లా బోధించినవాడే. 1978లో సిసిలీ ప్రాంతానికి అధ్యక్షుడయ్యాడు.

లిబెర్తా వీధి పొడుగునా చెట్లు, ఖరీదైన షాపులు. 1980 జనవరి 6, పండగ పూట, కుటుంబంతో చర్చికి బయల్దేరిన పియెర్సాంతిని ఈ వీధిలోని ఇంటి ముందే, కారులో ఉండగా మాఫియా కాల్చేసింది. అప్పటికి 44 ఏళ్ళు. బడి భవనాల టెండర్ల మీద తనిఖీ వేయించిన మనిషి. కారులోంచి అన్నని బయటికి తీస్తున్న తమ్ముణ్ణి ఫొటోగ్రాఫర్ లెతీత్సియా బత్తాలియా ఫొటో తీసింది. అక్కడే ఫోన్లో ఆ ఫొటో చూపిస్తే మా ఆవిడ చాలాసేపు చూసి, "ఆ తమ్ముడేనా ఇప్పుడు ప్రెసిడెంటు?" అంది. అవును, 1983లో క్లాసురూము వదిలి పార్లమెంటుకి వెళ్ళింది అతనే. ప్రజల డబ్బుకి లెక్క అడిగినందుకు ప్రాణం పోయిన చోట నిలబడితే, రసీదు లేకుండా పోయిన మా 65 యూరోలు ఇంకా మండించాయి.

ఒకప్పుడు సిసిలీని ఏలిన నార్మన్ రాజుల భవనానికి మనిషికి 19 యూరోలు. ప్రతి సెంటూ న్యాయమే. సిసిలీ శాసనసభ ఇందులోనే కూర్చుంటుంది, అందుకే మంగళ, బుధ, గురువారాల్లో రాజుల గదులు మామూలుగా చూపించరు. శుక్రవారం నుంచి సోమవారం లోపు వెళ్ళండి. ఈ భవనంలోనే ఉన్న 12వ శతాబ్దపు పలతీనా ప్రార్థనామందిరంలో గోడల నిండా బంగారు మొజాయిక్, పైన అరబ్బు పనివాళ్ళ చెక్క కప్పు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం.

మా ఆవిడ అలక తీరింది మాత్రం బల్లారో బజారులో. శాకాహారి, అప్పటిదాకా పళ్ళతో నెట్టుకొచ్చింది. పనెల్లె అని, ఉడికించిన శనగపిండి ముద్దని పల్చటి బిళ్ళలు చేసి నూనెలో వేయించి, బన్నులో పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. 3 యూరోలు. కరకరలాడుతూ, లోపల మెత్తగా, మన బజ్జీ వాసనే! తిని ఇంకోటి అడిగింది. శాకాహారులు ఒకటి గుర్తుపెట్టుకోండి: చాలా బండ్ల మీద పక్క మూకుట్లోనే పశువు ప్లీహం వేగుతుంటుంది. నూనె వేరా కాదా అని అడిగి మరీ తీసుకోండి.