నైనీతాల్ చుట్టూ సరస్సులు: ఒక్క రోజులో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

ఉత్తరాఖండ్ కొండల్లోని నైనీతాల్ వెళ్లే మన తిరుపతి, చిత్తూరు వాళ్లకి ముందే ఒక మాట. అక్కడి ట్యాక్సీ స్టాండులో 'లేక్ టూర్' అని ఒక ప్యాకేజీ అమ్ముతారు, దాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోకండి. భీమ్‌తాల్, సాత్‌తాల్, నౌకుచియాతాల్ అనే సరస్సులు, మధ్యలో ఒక హనుమంతుడి గుడి, ఒక తోట, ఒక వ్యూ పాయింట్, ఇంకో వ్యూ పాయింట్, జాబితా చాంతాడంత ఉంటుంది కానీ ఒక్కోచోట దిగి ఫోటో తీసుకునే లోపలే హారన్ కొడతారు. నన్నడిగితే సాత్‌తాల్‌కి సగం రోజు, నౌకుచియాతాల్‌కి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, భీమ్‌తాల్ ఎలాగూ దారిలోనే తగులుతుంది కాబట్టి టీ తాగేంత సేపు. మిగతావి చూడకపోయినా పోయేదేం లేదు.

దారి సంగతి. తిరుపతి నుంచి ఏపీ సంపర్క్ క్రాంతి ఎక్కితే హజ్రత్ నిజాముద్దీన్‌లో దింపుతుంది. అక్కడి నుంచి పాత ఢిల్లీ స్టేషన్‌కి వెళ్లి రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తెల్లారేసరికి కాఠ్‌గోదామ్. రెండు స్టేషన్ల మధ్య ఢిల్లీ ట్రాఫిక్ ఉంటుంది, మన బండి లేటైతే టెన్షన్ మామూలుగా ఉండదు, కాబట్టి మధ్యలో ఒక పూటైనా ఖాళీ పెట్టుకోండి. కాఠ్‌గోదామ్‌తో పట్టాలు ఆఖరు, కొండ అక్కడే మొదలు, నైనీతాల్‌కి సుమారు 35 కిలోమీటర్లు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కదా, ఘాట్ రోడ్డు మీద ఎదురుగా బండి రాదనే ధీమా మనకి అలవాటైపోయింది. ఇక్కడ ఒకే రోడ్డు, మలుపు తిరిగితే ఎదురుగా బస్సు. మా అమ్మ జ్యోలీకోట్ దాటేదాకా కళ్లు మూసుకుని గోవింద నామాలు చెప్పుకుంటూనే ఉంది. కడుపులో తిప్పే వాళ్లుంటే బయలుదేరే ముందే మాత్ర వేసేయండి.

నైనీతాల్ ఊరి గురించి ఎక్కువ చెప్పను. సరస్సు బాగుంటుంది, 1,938 మీటర్ల ఎత్తులో చుట్టూ కొండల మధ్య, ఈ చివర తల్లీతాల్, ఆ చివర మల్లీతాల్, మధ్యలో మాల్ రోడ్డు. మల్లీతాల్ వైపు నైనాదేవి గుడి, సతీదేవి కళ్లు పడిన చోటని నమ్మకం. 1880లో కొండచరియ విరిగిపడి 151 మంది చనిపోయారు, పాత గుడి కూడా పోయింది, ఆ మట్టి మేట వేసిన చోటే ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడే మైదానం. ఇది తెలిశాక ఆ కొండల మీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టిన హోటళ్లని చూస్తే కొంచెం భయమే వేస్తుంది.

బస కూడా మేం మొదట మాల్ రోడ్డు దగ్గరే తీసుకున్నాం. లేక్ వ్యూ అని అదనంగా డబ్బు తీసుకున్నారు, కిటికీ తెరిస్తే ముందు కనిపించేది పక్క హోటలు రేకుల కప్పు, దాని అంచున ఒక గీతంత నీళ్లు. వేడి నీళ్లు పొద్దున ఒక గంట మాత్రమే, ఆ గంటలో నలుగురం స్నానాలు. పైగా సాయంత్రం మాల్ రోడ్డు మీదకి వాహనాలు రానివ్వని వేళల్లో పెట్టెలు మోసుకుంటూ నడవాలి. రిక్షా దొరికితే అదృష్టం.

సాత్‌తాల్‌కి పొద్దున ఏడింటికల్లా బయలుదేరండి. భవాలీ మీదుగా ఇరవై పైచిలుకు కిలోమీటర్లే, ఎత్తు 1,370 మీటర్ల దగ్గర, అంటే మన హార్సిలీ హిల్స్ కంటే కాస్త ఎక్కువ, అంతే, అందుకే నైనీతాల్‌లో వణికిన వాళ్లు ఇక్కడ స్వెట్టర్ విప్పేస్తారు. దారిలో నల దమయంతి తాల్ అనే చిన్న కుంట, ఆపితే ఆపండి లేకపోతే లేదు. తర్వాత గరుడ తాల్, ఇంకా ముందుకు పోతే రాముడు, లక్ష్మణుడు, సీత పేర్లతో ఒకదానికొకటి కలిసిన సరస్సులు. కార్లన్నీ ఆగేది ఈ చివరి చోట, అక్కడే పడవలు, మ్యాగీ కొట్లు, తాడు పట్టుకుని జారే ఆటలు. మీరు మాత్రం గరుడ తాల్ దగ్గరే దిగండి. ఓక్, చీర్ పైన్ చెట్ల అడవి నీళ్ల దాకా దిగి ఉంటుంది, నీళ్లు ఆకుపచ్చగా, మనిషి అలికిడి లేకుండా. మోచేయంత లెన్సులు పట్టుకుని పక్షుల కోసం కూర్చునే వాళ్లు అక్కడక్కడా కనిపిస్తారు, వాళ్ల దగ్గర గట్టిగా మాట్లాడితే ఒక చూపు చూస్తారు, మా బావమరిదికి ఆ చూపు తగిలింది. పక్కనే పాత టీ తోటలో స్టాన్లీ జోన్స్ అనే అమెరికా మిషనరీ 1930లో పెట్టిన క్రైస్తవ ఆశ్రమం ఉంది, ఆ చుట్టుపక్కల నడక కూడా హాయిగా ఉంటుంది.

ఇక్కడే డ్రైవర్ వచ్చి "సాబ్, అభీ పాంచ్ పాయింట్ బాకీ హై" అని, అంటే ఇంకా ఐదు పాయింట్లు మిగిలాయని మొదలుపెట్టాడు. "బావా, ఆ పాయింట్లన్నీ ఆయన్నే చూసి రమ్మను, మనం ఈడే ఉందాం" అన్నాడు మా వాడు. నవ్వుకున్నాం కానీ చేసింది అదే. మీరైతే ముందు రోజు సాయంత్రమే పాయింట్ల లెక్కన కాకుండా గంటల లెక్కన బేరం తెంచుకోండి, వెయిటింగ్‌తో కలిపి ఎంతో అప్పుడే అడగండి.

భీమ్‌తాల్‌లో సరస్సు మధ్య చిన్న దీవి, దాని మీద అక్వేరియం, ఒడ్డున బ్రిటిష్ కాలం నాటి ఆనకట్ట, పక్కనే భీమేశ్వర మహాదేవుడి గుడి. గుడి బాగుంది. చుట్టూ రోడ్డు, బజారు, హారన్లు, కాబట్టి సరస్సు కోసమే అయితే ఆగనక్కర్లేదు.

భీమ్‌తాల్ నుంచి నౌకుచియాతాల్ నాలుగైదు కిలోమీటర్లు. తొమ్మిది మూలల సరస్సు, ఒకే చోట నిలబడి తొమ్మిదీ చూసిన వాళ్లకి మోక్షమట. అమ్మ ఐదు దాకా లెక్కపెట్టి "చాల్లేరా నాయనా, ఏడుకొండలవాడు ఉండాడు కదా, ఆయన చూసుకుంటాడు" అంది. పడవ ఎక్కాలంటే ఇక్కడే ఎక్కండి, నీళ్లు లోతు, గోల తక్కువ. రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, చదివాకే ఎక్కండి. లైఫ్ జాకెట్ ఇస్తారు, తడిగా ఉందని వదిలేయొద్దు.

తిండి విషయంలో ఇడ్లీ దోసెల కోసం వెతక్కండి, దొరికినవి తిన్నాక బాధే మిగులుతుంది. కుమావూనీ భోజనం, అంటే ఆ కొండ ప్రాంతం వాళ్ల తిండి అడగండి. ఆలూ కే గుట్కే అంటే మన ఉర్లగడ్డ వేపుడే, భట్ కీ చుర్‌కానీ అనే నల్ల సోయా పులుసు అన్నంలోకి బ్రహ్మాండం. మడువా రోటీ అంటే రాగి రొట్టె, సంగటి తిని పెరిగిన మనకి కొత్తేం కాదు, మా అమ్మ ప్రయాణంలో కడుపునిండా తిన్నది ఆ పూటే.

మళ్లీ వెళ్తే బస మాత్రం నౌకుచియాతాల్‌లోనో భీమ్‌తాల్‌లోనో పెట్టుకుంటా, నైనీతాల్‌ని ఒక పూట చూసి వచ్చేస్తా. కుమావూ మండల్ వికాస్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థకి సాత్‌తాల్‌తో సహా ఈ సరస్సుల దగ్గర అతిథి గృహాలున్నాయి, సోకులేం ఉండవు కానీ చోటు మంచిది. పిల్లలకి సాయంత్రం బజారు, ఐస్‌క్రీములు కావాలంటే అప్పుడు మాల్ రోడ్డే నయం.

అక్టోబరు, నవంబరు మంచి కాలం. జులై, ఆగస్టుల్లో కొండచరియలు పడి దారులు మూసుకుపోతుంటాయి. మే, జూన్‌లలో శని, ఆదివారాలు వద్దు. ముఖ్యంగా జూన్ 15న భవాలీ దగ్గరి కైంచీ ధామ్‌లో నీమ్ కరోలీ బాబా ఆశ్రమం వార్షికోత్సవం, ఆ ముందూ వెనకా రోజుల్లో భవాలీ వైపు బండి పెట్టారంటే సరస్సుల బదులు ముందున్న కారు నంబరు ప్లేటు చూస్తూ కూర్చోవాల్సిందే.