జనగామ పోరాట గ్రామాల టూర్: తుపాకీ చూపించారు, పహాణీ మరిచారు

హైదరాబాద్ నుంచి జనగామ వైపు తెలంగాణ సాయుధ పోరాట గ్రామాలు చూపించే ఒక రోజు టూర్ ఉంది. మనిషికి 1,800 రూపాయలు, టిఫిను, మధ్యాహ్నం భోజనం అందులోనే. నడిపేది ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల పేరు రాయడం లేదు. కింద నాలుగు మాటలు అనబోతున్నాను, వాళ్లదేమో ఇంకా నిలదొక్కుకోని వ్యాపారం.

ముందు నా సంగతి. ఉద్యోగమంతా తహసీలు ఆఫీసుల్లోనే గడిచింది. పహాణీలు (ఏ భూమికి పట్టాదారు ఎవరో, అనుభవిస్తున్నది ఎవరో రాసే రికార్డులు), ఫైసల్ పట్టీలు, కౌలు రిజిస్టర్ల దుమ్ము పీల్చిన మనిషిని. భూమి కోసం కొట్లాట అంటే నాకు తుపాకీ కంటే ముందు కాగితం గుర్తొస్తుంది. ఈ రివ్యూ నిండా ఆ పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

పొద్దున్నే ఉప్పల్‌లో ఎక్కించుకున్నారు. టెంపో ట్రావెలర్, ఏసీ బాగానే ఉంది, వెనక సీటు మాత్రం మోకాళ్లు ఉన్నవాళ్లకు పనికిరాదు. ఎక్కగానే ఒక గుడ్డ సంచి ఇచ్చారు. అందులో మ్యాపు, నీళ్ల సీసా, తుపాకీ ఆకారంలో ఇత్తడి కీచైన్. ఆ కీచైన్ సంగతి తర్వాత.

టూర్‌లో అన్నిటికంటే బాగున్నది కడవెండి. గైడు కుర్రాడు మైకు వ్యాన్‌లోనే వదిలేసి మమ్మల్ని ఊళ్లోకి నడిపించాడు. 1946 జూలై 4న దేశ్‌ముఖ్ (ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి, దొర) మనుషుల దౌర్జన్యం మీద జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా కదలడం, దొర కోటలాంటి ఇల్లు గడీ దగ్గర తుపాకులు పేలడం, ముందు వరసలో ఉన్న దొడ్డి కొమరయ్య నేలకొరగడం, అన్న మల్లయ్యకు గాయం కావడం, అన్నీ ఆగి ఆగి చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచలేదు. ఈ రోజుల్లో చరిత్ర చెప్పేవాళ్లలో అది అరుదు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద నలభై వేల ఎకరాలు, అరవై ఊళ్లు ఉండేవని చెప్పి, వెట్టి అంటే ఏమిటో కులవృత్తుల వారీగా వివరించాడు. చాకలి బట్టలు ఉతికితే కూలి లేదు, కుమ్మరి కుండలిస్తే ధర లేదు, మాదిగ చెప్పులు కుట్టి ఇస్తే పైసా లేదు. ఐటీలో పనిచేసే ఒక అమ్మాయి "అసలు జీతమే లేకుండానా ఆంటీ?" అని నన్ను అడిగింది. జీతం మాట దేవుడెరుగు, నాగుకు, అంటే అప్పుగా, తెచ్చుకున్న గింజలకు పంట మీద వడ్డీ కూడా వాళ్లే కొలిచి ఇవ్వాలమ్మా అన్నాను.

తర్వాత వడిసెల. పేనిన తాడు మధ్యలో చిన్న గుంటలాంటి అల్లిక, అందులో కంకరరాయి. తాడు ఒక కొస వేలికి తగిలించి, రెండో కొస గుప్పిట్లో పట్టుకుని, తల మీదుగా గిరగిరా తిప్పి సరైన క్షణంలో గుప్పిట వదలాలి. గైడు విసిరితే రాయి చెలక దాటి పోయింది. గుంటూరు నుంచి వచ్చిన లెక్చరర్ గారు విసిరితే వెనక్కి వచ్చి మా వ్యాన్ టైరుకు తగిలింది. డ్రైవర్ చూపు చూడాలి అప్పుడు. నవ్వుకున్నాం గానీ, జొన్న చేలో పిట్టల్ని కొట్టే పనిముట్టుతో తుపాకుల ముందు నిలబడ్డారన్నది అందరికీ బుర్రకెక్కింది. టికెట్ డబ్బుల్లో సగం నాకు అక్కడే గిట్టుబాటయింది.

కామారెడ్డిగూడెం దగ్గర దారి పక్కనే బందగీ సమాధి. కోర్టుకెక్కి విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, కేసు నెగ్గి, దొర గూండాల చేతిలో చనిపోయిన ముస్లిం రైతు. ఇక్కడ ఇచ్చింది పది నిమిషాలు. సంఘం (ఆంధ్ర మహాసభ) ఊపందుకోకముందే ఒక్కడే కాగితం పట్టుకుని దొరతో కొట్లాడిన మనిషికి పది నిమిషాలేనా? విసునూరులో అయితే వ్యాన్ ఆపనే లేదు. "అక్కడ చూసేదేం లేదు మేడమ్" అన్నాడు గైడు. పెత్తనమంతా నడిచిన ఊరది నాయనా, చూసేది లేకపోయినా నిలబడాలి.

అసలు గొడవ పాలకుర్తిలో. చాకలి ఐలమ్మ విగ్రహం దగ్గర ఫొటోలు, పూలదండ, వీరనారి అంటూ ఒక ఉపన్యాసం, అయిపోయింది. ఆమె చేసిన పని ఏమిటి? మల్లంపల్లి మక్తేదారు (భూస్వామి) కొండలరావు భూమి కౌలుకు తీసుకుని నాలుగెకరాలు సాగు చేసుకుంది. సంఘంలో చేరింది. పట్వారీ (ఊరి భూమి లెక్కలు రాసేవాడు) పొలంలో వెట్టికి పోనంది. దాంతో ఆ భూమి తనదని దేశ్‌ముఖ్ పట్వారీ చేత కాగితం పుట్టించి, పంట కోసుకుపోవడానికి మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్లు వచ్చి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. కోర్టులోనూ ఆమే నెగ్గింది. అంటే ఆ కథకు కాలూ చెయ్యీ పట్వారీ రాత. దాన్ని వదిలేసి రోకలిబండతో గూండాలను తరిమిందని ఒక్కటే చెబితే ఐలమ్మ వట్టి కోపిష్టి మనిషిగా మిగులుతుంది. ఆమె లెక్క తెలిసిన కౌలుదారు.

సంఘం సభ్యత్వం ఉచితమని కూడా అన్నాడు గైడు. కాదు. 1944లో భువనగిరి మహాసభలో ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించారు. డబ్బు కట్టి రసీదు తీసుకున్నారు కాబట్టే ఊళ్లలో దానికి చీటీల సంఘమని పేరు. దొర దగ్గర ఎన్నడూ రసీదు ఎరగని జనానికి ఆ చీటీ ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

పాలకుర్తి నుంచి వస్తుంటే లెక్చరర్ గారు మంచి ప్రశ్న వేశారు. "పోరాట నాయకుడు సుందరయ్య గారి లెక్కలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారు కదా, ఆ భూమి తర్వాత ఏమైంది?" గైడు "అది రాజకీయం సార్" అని తప్పించుకున్నాడు. నేను ఉండబట్టలేక అందుకున్నాను. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక చాలామంది దొరలు పోలీసుల అండతో తిరిగొచ్చారు, పంచిన భూముల్లో చాలావరకు లాక్కున్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. కానీ మొత్తం పోలేదు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. వరసగా ఆరేళ్లు కౌలు చేసినవాళ్లకు రక్షిత కౌలుదారులన్న హక్కు దక్కింది. 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరు ఏ కాలమ్‌లో పడిందన్న దాని మీద ఈ రోజుకీ కేసులు నడుస్తున్నాయి. తర్వాత ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద ఇచ్చిన సర్టిఫికెట్లతో కౌలుదారులు పట్టాదారులయ్యారు. ఆ సర్టిఫికెట్ పాలిథిన్ కవర్లో చుట్టి, చీర కొంగులో ముడేసుకుని మా ఆఫీసుకొచ్చిన ముసలమ్మలను నేను చూశాను. భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు, భూమి ఎవరి చేతిలో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్ తీసేస్తే పల్లెల్లో ఎందుకంత టెన్షన్ పడ్డారో ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. వ్యాన్‌లో నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి విన్నారు. గైడు నోట్సు రాసుకున్నాడు, అది అతని మంచితనం.

జనగామలో భోజనం. జొన్నరొట్టె వేడిగా ఉంది, కోడికూరలో నూనె ఎక్కువ, పచ్చిపులుసు అద్భుతం.

బైరాన్‌పల్లికి చేరేసరికి సాయంత్రమైంది. బురుజు చూడగానే మాటలు తగ్గాయి అందరికీ. అంతకుముందు రజాకార్లను తిప్పికొట్టిన ఊరిది. 1948 ఆగస్టు 27న పెద్ద బలగంతో వచ్చి ఊరి మీద పడ్డారు, ఊళ్లోవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. ఇక్కడ కూడా గైడు బాగా చెప్పాడు. కానీ తొందర. పొద్దున బయల్దేరడం గంట ముందుకు జరిపితే సరిపోయేది.

ఇక కీచైన్. ఆ ఇత్తడి తుపాకీ బదులు పాత పహాణీ నకలు ఒకటి ఆ సంచిలో పెట్టండి బాబూ, ఖర్చు రెండు రూపాయలు. పట్టాదారు కాలమ్ ఎక్కడుందో, అనుభవదారు కాలమ్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.

ఐదుకు మూడున్నర. పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. మే నెలలో మాత్రం వద్దు. బుక్ చేసేటప్పుడే విసునూరులో ఆపుతారా అని అడగండి, ఆపము అని చెబితే ఇంకో బ్యాచ్ చూసుకోండి.