తొండ పిల్లను వెచ్చగా పంపారు, కప్పలను మరిచారు

డాలస్‌లో మా ఇంటికి దగ్గరలో ఉన్న సరీసృపాల దుకాణంలో మా అబ్బాయి కోసం బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండ పిల్లను కొన్నాము. "తొట్టి, దీపాలు సిద్ధం చేశారా?" అని అడిగింది అక్కడి అమ్మాయి. లేదని చెబితే, అవి అమర్చాకే రమ్మని పంపేసింది. నాకు కోపం రాలేదు, నమ్మకం కలిగింది. 4 అడుగుల తొట్టి కొని, ఒక మూల 40 డిగ్రీల సెల్సియస్ వచ్చేలా దీపం, పైన అతినీలలోహిత కిరణాలిచ్చే ట్యూబు బిగించాము. ఆ ట్యూబు లేకపోతే ఒంటికి కాల్షియం సరిగా పట్టక ఎముకలు మెత్తబడతాయి.

రెండోసారి వెళ్లినప్పుడు పిల్లను నూలు సంచిలో పెట్టి, గాలి రంధ్రాలున్న థర్మాకోల్ పెట్టెలో, నలిపిన కాగితాల మధ్య కదలకుండా ఒదిగించారు. జనవరి చలి కదా, కారును ముందే వెచ్చబరచుకోమన్నారు. దారిలో ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చి సంచి విప్పితే నా అరచేతిలో పొట్ట ఆనించి, కళ్లు మూసుకుని పడుకుంది.

కానీ వెనుక అరలో కప్పలు! మూతకు రెండే చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలు, అడుగున పచ్చబడిన నీళ్లు. కప్ప చర్మంతోనే నీరు పీలుస్తుంది, ఆ మురికి కూడా ఒంట్లోకే పోతుంది. యజమానితో చెప్పి వచ్చాను. ఆ డబ్బాలు మార్చేదాకా నా నుంచి మూడు నక్షత్రాలే.