దినపత్రిక బొమ్మా, మాసపత్రిక బొమ్మా?

హన్మకొండలో ఉండి ఈ మధ్య నేను రెండు రకాల బొమ్మలు వేస్తున్నాను. ఒకటి దినపత్రిక ఎడిట్ పేజీకి, రెండోది మాసపత్రిక కథలకు. ఏది మేలని కొత్తగా వేసే పిల్లలు అడుగుతుంటారు.

పేపర్‌కైతే మధ్యాహ్నం వ్యాసం వస్తుంది, సాయంత్రానికి బొమ్మ పోవాలి. మేడారం జాతర వ్యాసానికి ముందు జనాన్ని, బండ్లను, చెట్లను అన్నీ గీశాను. తర్వాత అన్నీ తీసేసి, నెత్తిన బెల్లం దిమ్మె మోస్తున్న ఒక్క తల్లిని ఉంచాను. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే ఆ బెల్లాన్ని మనం బంగారమే అంటాం కదా, ఇంకేం గీయాలి?

న్యూస్‌ప్రింట్, అంటే పేపర్ అచ్చువేసే కాగితం, సిరాను పీల్చుకుంటుంది, అచ్చులో సిరా చుక్క ఉబ్బుతుంది. సన్నగీతలు దట్టంగా వేస్తే నల్లమరకే మిగులుతుంది. ఒకసారి నా బొమ్మలో ముఖమే అలా పోయింది, రాత్రంతా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి బొమ్మలో ఏ చోటైనా పడే నాలుగు రంగుల సిరా శాతాలను కూడితే 240 దాటనివ్వను.

మాసపత్రికకు నున్నటి కాగితం, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), వారం పది రోజుల గడువు. రామప్ప గుడి నేపథ్యంగా వచ్చిన కథ కోసం పాలంపేట పోయి, మదనికల (గుడి బయట ఉన్న స్త్రీ శిల్పాల) నల్లరాతి మెరుపు చూసొచ్చి వేశాను. 2021లో యునెస్కో గుర్తించిన ఆ గుడి అందం న్యూస్‌ప్రింట్ మీద అంతగా పలకదు.

అయినా మొదలుపెట్టేవాళ్లకు నేను పేపరే చెబుతాను. ఏది వదిలేయాలో అక్కడే తెలుస్తుంది. నాకు మాత్రం ఇప్పుడు కథల మీదే మనసు. వచ్చే నెల కథలో చెరువుకట్ట ఉంది, రేపు పొద్దున్నే వడ్డేపల్లి చెరువుకు పోతున్నాను.