అథబాస్కా గ్లేసియర్ మంచు బస్సు: టికెట్టు సగమే చూపిస్తుంది

కెనడాలోని కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి చుట్టాలొస్తే బ్యాన్ఫ్ తర్వాత మజిలీ దాదాపు ఇదే. లేక్ లూయిస్ నుంచి జాస్పర్‌కి వెళ్లే 230 కిలోమీటర్ల రోడ్డు పక్కనే అథబాస్కా గ్లేసియర్ (మెల్లగా కిందికి జారే మంచు నది) కనిపిస్తుంది. టికెట్టు కొంటే పెద్ద చక్రాల బస్సులో మంచు మీదికి తీసుకెళ్తారు. పిల్లలకి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి బస్సు బాగుంటుంది. మంచు నేలను ఎలా చెక్కిందో చూడాలంటే మాత్రం అది చాలదు.

బస్సు 32 శాతం వాలున్న దారిలో కిందికి దిగుతుంది. ఆ దారి వేసిన గుట్ట మామూలు కొండ కాదు. గ్లేసియర్ తన పక్కలకి తోసి పోగేసిన రాళ్లూ మట్టీ, అంటే మొరైన్. దాని లోపల ఇంకా మంచు ఉంది. టూరులో చూడాల్సిన మొదటి వస్తువు ఇదే అయినా బస్సు ఇక్కడ ఆగదు, అదే దీని లోపం. దిగాక చక్రాలు నీళ్లలోంచి వెళ్తాయి. ఇది సరదా కోసం కాదు, బురద కడగడానికి. నల్లటి మట్టి ఎండని పీల్చుకుని కింది మంచుని తొందరగా కరిగిస్తుంది. మంచు మీద ఉండనిచ్చేది అరగంట లోపే. పై నుంచి చల్లగాలి జారుతూ ఉంటుంది కాబట్టి ఆగస్టులోనైనా జాకెట్టు, గ్లవ్స్ కావాలి. పట్టున్న బూట్లు వేసుకోవాలి, చెప్పులు పనికిరావు.

అసలు పాఠం గ్లేసియర్ మూతి (కింది చివర) దాకా వెళ్లే కాలిబాట మీద ఉంది. రానుపోను రెండు కిలోమీటర్ల లోపే, పార్కు పాసు తప్ప వేరే టికెట్టు లేదు. 1844 ప్రాంతంలో మంచు ఇప్పటి రోడ్డు దాకా ఉండేది, ఆ తర్వాత ఒకటిన్నర కిలోమీటరుకి పైగా వెనక్కి పోయింది. ఏ ఏడు ఎక్కడిదాకా ఉందో దారిలో బోర్డులు చెబుతాయి.

మధ్యలో బయటపడ్డ సున్నపురాయి దగ్గర వంగి చూడండి. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడైతే, నున్నటి రాతి మీద లోయ పొడవునా ఒకే దిక్కుకి సాగిన గీతలు తేలతాయి. మంచు మెత్తన, అదొక్కటే రాయిని గీయలేదు. అడుగున ఇరుక్కున్న గులకలు ఉప్పుకాగితం మీది రవ్వల్లా గీశాయి. బండ ఒకవైపు నున్నగా, మరోవైపు విరిగి మెట్లుగా ఉంటే, నున్నటి వైపు నుంచే మంచు వచ్చిందని అర్థం. (ఇలాంటి గీతలు చూడ్డానికి కెనడాయే వెళ్లక్కర్లేదు. ఆదిలాబాద్ పొరుగున, చంద్రపూర్ జిల్లా ఇరాయి దగ్గర పెన్‌గంగ సున్నపురాయి మీద దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటివి ఉన్నాయి.)

చుట్టూ ఉన్న రాళ్ల కుప్పని ఏటి కంకర అనుకోకండి. ఏరు బరువుని బట్టి వేరుచేసి పరుస్తుంది. గ్లేసియర్‌కి ఆ తేడా లేదు, బండనీ పిండినీ ఒకేచోట దింపేస్తుంది. ఆ పిండిని చూడాలంటే కరిగి వచ్చే నీళ్లు గాజు సీసాలో పట్టి పక్కన పెట్టండి. సాన మీద తీసిన గంధంలా సన్నని రాతిపొడి గంటలు గడిచినా పూర్తిగా అడుగుకి దిగదు. దారిలో పేటో సరస్సుకి ఆ నీలాకుపచ్చ రంగు రావడానికి కారణం ఇలాంటి పొడే.

తాడు దాటి మంచు మీదికి సొంతంగా మాత్రం ఎక్కకండి. పగుళ్ల మీద పల్చటి మంచు కప్పుకుని ఉంటుంది. అందులో పడి, పైకి తీసేలోపే చలికి చనిపోయినవాళ్లున్నారు.

ఒకటే ఎంచుకోవాలంటే కాలిబాటే. రెండూ చేసేట్టయితే ముందు నడిచి, తర్వాత బస్సెక్కండి. గీతలు చూశాక ఆ గుట్ట మీది దారి వేరుగా కనిపిస్తుంది. దగ్గర్లోని గాజు వంతెన (లోయ మీదికి కట్టిన గాజు నేల నడకదారి) కోసం ఇంకో టికెట్టు కొనక్కర్లేదు, మంచు చెక్కిన యు ఆకారపు లోయ రోడ్డు మీంచే కనిపిస్తుంది. లేక్ లూయిస్‌లోనే పెట్రోలు నింపుకోండి. జాస్పర్ లోపు సస్కాచెవాన్ రివర్ క్రాసింగ్ దగ్గర తప్ప బంకు లేదు, అదీ చలికాలంలో మూసేస్తారు. ఫోను సిగ్నలు చాలా దూరం అందదు.