డీఎన్‌ఏ పూర్వీకుల టెస్ట్: శాతాలు సరే, ఈ 441 సంగతేంటి?

నేనూ మా పెద్దనాన్న కూతురూ ఒకేసారి ఆర్డర్ పెట్టుకున్నాం. సరదాకే. అక్కకి తాతల నాటి కబుర్లంటే పిచ్చి. నాది పద్దులు చూసే ఉద్యోగం, అంకె కనిపిస్తే కూడి చూడకుండా ఉండలేను. ఆ అలవాటే చివరికి కొంప ముంచింది. కంపెనీ పేరు రాయడం లేదు, నా పేరు కూడా పెట్టడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఈ టెస్టులన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి మీరు ఏ కిట్ కొన్నా ఈ గోల పనికొస్తుంది.

పెట్టెలో ఒక ప్లాస్టిక్ గొట్టం, గరాటులాంటి మూత, తిరిగి పంపడానికి చిన్న డబ్బా ఉన్నాయి. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. గొట్టం మీది గీత దాకా ఉమ్మాలి. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత చికాకు. సరిగ్గా కావాల్సినప్పుడే నోరు ఎండిపోతుంది. పైగా నురగ లెక్కలోకి రాదు, అడుగున నిలిచిన ద్రవమే గీతని తాకాలి. నేను నురగని కూడా కలిపేసుకుని మూత బిగించేశాను. మూతలో ఉన్న ద్రావణం టప్పున కిందికి దిగి కలిసిపోయింది, ఇక తెరవడానికి లేదు. మూడు వారాల తర్వాత "నమూనా సరిపోలేదు" అని మెయిల్ వచ్చింది. రెండో గొట్టం ఉచితంగానే పంపారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఫలితాల్లో ముందు కనిపించేది రంగుల పటం, ప్రాంతానికో రంగు. నాకు 91 శాతం ఒకే రంగు, 6 శాతం పక్క రంగు, 3 శాతం ఎక్కడో సముద్రం అవతల. 91ని ఎవరు పట్టించుకుంటారు? ఆ 3 శాతం గురించి కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. మా తాతమ్మ కళ్లు కాస్త లేత రంగులో ఉండేవట, అందుకేనని అక్క తేల్చేసింది కూడా. నాలుగు నెలలకి "మీ ఫలితాలు మెరుగుపరిచాం" అని ఇంకో మెయిల్. తెరిచి చూస్తే ఆ 3 శాతం లేదు! దాని బదులు ఇంకో మూల 1 శాతం మొలిచింది.

అప్పుడు కూర్చుని చదివాను, నిజానికి ముందే చదవాల్సింది. మన జన్యువుల్లో దాదాపు 300 కోట్ల అక్షరాలు ఉంటే, ఈ టెస్ట్ చూసేది వాటిలో మనిషికీ మనిషికీ తేడా వచ్చే 6, 7 లక్షల చోట్లు. వాటిని తమ దగ్గరున్న రిఫరెన్స్ ప్యానెల్‌తో, అంటే ఇవాళ బతికున్న మనుషుల నమూనాలతో పోల్చి చూస్తారు. కాబట్టి ఆ శాతం మన పూర్వీకులు ఎక్కడ బతికారో చెప్పే లెక్క కాదు. మనం ఇప్పుడు ఏ గుంపుతో ఎంత కలుస్తున్నామో చెప్పే అంచనా. ఏ ప్రాంతం వాళ్ల నమూనాలు తక్కువ ఉంటే ఆ ప్రాంతమంతా ఒకే మచ్చగా పడుతుంది. ప్యానెల్ మారిస్తే శాతాలూ మారతాయి. నా ఉమ్మి అదే, వాళ్ల కొలబద్ద మారింది. 2019లో కెనడాలో సీబీసీ టీవీ వాళ్లు ఒకేలాంటి కవలలతో అయిదు కంపెనీల్లో టెస్ట్ చేయిస్తే, ఏ రెండు కంపెనీల ఫలితాలూ కలవలేదు. ఒక కంపెనీ అయితే ఆ ఇద్దరు కవలలకే వేర్వేరు శాతాలు ఇచ్చింది.

నా సైటులో నమ్మకం స్థాయి (ఫలితం ఎంత ఖాయమైతేనే చూపించాలో) మార్చుకునే మీట ఒకటి ఉంది, ఎక్కడో మూడో పేజీలో, చిన్నగా. మామూలుగా అది 50 శాతం దగ్గర ఉంటుంది. 90కి జరిపితే నా రంగులన్నీ వెలిసిపోయి పెద్ద ముక్క బూడిద రంగులోకి వెళ్లిపోయింది, "చెప్పలేం" అని. నన్నడిగితే ఆ బూడిద పటమే మొదటి పేజీలో పెట్టాలి.

తల్లి వైపు రేఖ, తండ్రి వైపు రేఖ అని ఇంకో విభాగం. తల్లి వైపుది వచ్చింది, తండ్రి వైపుది ఖాళీ. ఇది కంపెనీ తప్పు కాదులెండి. అది తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోమ్‌ని బట్టి చూసేది, ఆడవాళ్లకి అది ఉండదు. నాన్నో తమ్ముడో ఉమ్మితేనే ఆ గడి నిండుతుంది. డబ్బు కట్టేముందు ఆ ముక్క పెద్ద అక్షరాల్లో చెబితే బాగుండేది.

ఇక అసలు సంగతి. ఈ టెస్టులో గట్టిది పటం కాదు, బంధువుల జాబితా. ఇద్దరి మధ్య ఎంత డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉందో సెంటీమోర్గాన్లలో (డీఎన్‌ఏ ముక్కల పొడవుకి కొలత) చూపిస్తారు. తల్లికీ బిడ్డకీ మధ్య 3,400 దాకా ఉంటుంది. అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున 850 పైచిలుకు. దగ్గరి బంధువుల విషయంలో ఈ కొలత సాధారణంగా తప్పు పోదు, రంగుల పటంలా నాలుగు నెలలకోసారి మనసు మార్చుకోదు.

నాకూ అక్కకీ మధ్య 441 వచ్చింది.

పక్కనే చిన్న అక్షరాల్లో ఊహలు రాసి ఉన్నాయి: సగం కజిన్, లేదా కజిన్ గారి బిడ్డ, ఇంకా రెండు మూడు. సగం కజిన్ అంటే ఏంటని అక్క ఫోన్ చేసింది. నేను అప్పటికే కాగితం మీద లెక్క వేసేశాను. మా నాన్నా పెద్దనాన్నా ఒకే తల్లిదండ్రుల బిడ్డలైతే మాకు రావాల్సింది దీనికి దాదాపు రెట్టింపు. తల్లో తండ్రో ఎవరో ఒకరే ఉమ్మడి అయితే సరిగ్గా ఇంత. అయితే సొంత అన్నదమ్ముల పిల్లల మధ్య కూడా అరుదుగా 400 దగ్గరికి దిగడం ఉంది, ఎందుకంటే ఏ ముక్క ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. అంటే 441 అనే అంకె ఏదీ తేల్చదు. అనుమానం పుట్టించి ఊరుకుంటుంది. తేలాలంటే నాన్న ఉమ్మాలి, పెద్దనాన్న ఉమ్మాలి. డెబ్బై దాటిన ఇద్దరు పెద్దవాళ్ల ముందు గొట్టాలు పెట్టి ఏమని అడుగుతాం? "అడగొద్దే, మనకెందుకు" అంది అక్క. సరే అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

ప్రైవసీ పేజీ నేను వివరంగా చదివింది ఆ తర్వాతే. రిజిస్టర్ చేసేటప్పుడు టకటకా టిక్కులు కొట్టేసిన వాటిలో మూడు వేర్వేరు అనుమతులున్నాయి. మిగిలిన ఉమ్మిని దాచుకోవడం ఒకటి, డేటాని పరిశోధనకి వాడుకోవడం ఒకటి, బంధువులకి నా పేరు చూపించడం ఒకటి. మూడూ విడివిడిగా వద్దనొచ్చు. కాకపోతే పరిశోధనకి వాడేసిన దాన్ని వెనక్కి తీసుకోలేం. మ్యాచ్‌ల (అంటే బంధువుల జాబితా) టిక్కు పెట్టకుండా ఉండి ఉంటే ఆ 441 మా ఇద్దరి కంటా పడేది కాదు.

ఎవరైనా దొంగిలిస్తే అన్న భయం ఊరికే వచ్చింది కాదు. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ టెస్ట్ కంపెనీ విషయంలో జరిగింది చూడండి. హ్యాకర్లు వేరే సైట్ల నుంచి లీకైన పాస్‌వర్డ్‌లతో దాదాపు 14,000 ఖాతాల్లోకి దూరారు. అక్కడి నుంచి బంధువుల జాబితాలు పట్టుకుని లాగితే 69 లక్షల మంది వివరాలు వచ్చాయి. అంటే ఆ 69 లక్షల్లో చాలామంది తప్పేమీ లేదు, ఎవరో దూరపు బంధువు ఒకే పాస్‌వర్డ్‌ని అన్నిచోట్లా వాడాడంతే. 2025 మార్చిలో అదే కంపెనీ దివాలా పిటిషన్ వేస్తే, ఒకటిన్నర కోట్ల మంది డేటా ఎవరి చేతికి పోతుందా అని కొన్ని నెలల పాటు టెన్షన్. డేటా చెరిపేసుకోవచ్చని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అప్పట్లో జనానికి గుర్తు చేయాల్సి వచ్చింది. చివరికి కంపెనీ స్థాపకుల్లో ఒకరైన యాన్ వొజిసికీ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థే కొనుక్కుంది. ఇంకెవరో కొని ఉండొచ్చు కూడా.

అసలు ఉమ్మని వాళ్లు కూడా దొరికిపోతారు. అమెరికాలో 1970, 80ల నాటి హత్యల కేసులో గోల్డెన్ స్టేట్ కిల్లర్‌ని 2018లో పట్టుకున్నది అలాగే. ఘటనా స్థలంలో దొరికిన డీఎన్‌ఏని వంశవృక్షాల సైట్లలో వెతికి, దూరపు బంధువుల దగ్గర మొదలెట్టి అతని దాకా వచ్చారు. హంతకుడు దొరికినందుకు సంతోషమే. కానీ ఆ బంధువులు తమ ఇంటి చెట్టు కోసం ఉమ్మారు, పోలీసుల కోసం కాదు కదా.

నా ఖాతా పోయిన నెల తీసేశాను. ముందు రా డేటా ఫైల్ (నా డీఎన్‌ఏ అక్షరాల ఫైల్) దించుకుని పెన్ డ్రైవ్‌లో పెట్టాను, తర్వాత ఉమ్మి పారబోయమని టిక్కు పెట్టి డిలీట్ నొక్కాను. పుట్టిన తేదీ అడిగారు, మెయిల్‌కి లింక్ వచ్చింది, అది నొక్కితే ముప్పై రోజుల్లోపు పూర్తవుతుందన్నారు. ఆ బటన్ దొరకడానికి మాత్రం సెట్టింగ్స్‌లో అయిదు పేజీలు తిరగాల్సి వచ్చింది. కొనమనే బటన్ అయితే ప్రతి పేజీలోనూ ఉంది. ల్యాబ్ నిబంధనల ప్రకారం కొంత సమాచారం తమ దగ్గరే ఉంటుందని కింద చిన్న అక్షరాల్లో రాశారు. చూశారా, అన్నీ చిన్న అక్షరాలే.

పటానికి ఒక స్టార్. మ్యాచ్‌లకి నాలుగు, పని చక్కగా చేస్తున్నాయి, అదే బాధ. కస్టమర్ సర్వీస్‌కి మూడు.

పోయిన ఆదివారం అక్క మళ్లీ ఫోన్ చేసింది. వాళ్ల అన్నయ్య, మా పెద్దనాన్న కొడుకు, తనూ చేయించుకుంటానని ఆర్డర్ పెట్టాడట. అన్నయ్య వై క్రోమోజోమ్ పెద్దనాన్నది, మా తమ్ముడిది మా నాన్నది. రెండూ పక్కపక్కన పెట్టి అవి కలవకపోతే నాన్నకీ పెద్దనాన్నకీ తండ్రులు వేరని తేలిపోతుంది. "తమ్ముడు చేయించుకోవడం లేదుగా, ఏం కాదులే" అన్నాను.

"రెండు కిట్లు తీసుకుంటే డిస్కౌంట్ ఉందట," అంది అక్క. "రెండోది మీ తమ్ముడికే పంపించాడు."